బకెట్ బోర్లించి చూడు

హైదరాబాద్

అమ్మాయీ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. చీకట్లో మొలిచిన పైరు వెలుగు తగలగానే ఎందుకు పచ్చబడుతుందో రాయాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. కానీ మొదటి పేరాలో "సూర్యుడు ఆకులకు పచ్చరంగు పూస్తాడు" అన్నావు. ఆ వాక్యం కొట్టెయ్. చదవడానికి బాగుంది, నిజం కాదు.

ముందు ఒక పని చెయ్. మోండా మార్కెట్‌లో గుప్పెడు జొన్నలు కొను. రాత్రంతా నానబెట్టి, మూకుడులో మట్టి పోసి చల్లి, మీద స్టీలు బకెట్ బోర్లించు. అంకురార్పణకు పాలికల్లో నవధాన్యాలు చల్లుతారే, అలాగే. తడి పెట్టేటప్పుడు గదిలో లైటు వెలగకూడదు. కెమెరా ఫ్లాష్ అంత వెలుగు తగిలినా లోపల పని మొదలైపోతుంది.

ఆరేడు రోజులకు బకెట్ ఎత్తితే మొలకలు సన్నగా, పొడుగ్గా, లేత పసుపులో ఉంటాయి. ఆ పసుపు కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలది. ఆకుకు పచ్చదనాన్నిచ్చే పత్రహరితం (క్లోరోఫిల్) ఇంకా పుట్టలేదు. దానికి కాస్త ముందరి పదార్థం ప్రోటోక్లోరోఫిల్లైడ్ మాత్రం కొద్దిగా తయారై, పోర్ అనే ఎంజైమునూ, హైడ్రోజన్ అందించే అణువు ఎన్ఏడీపీహెచ్‌నూ అంటిపెట్టుకుని, ఎటియోప్లాస్టుల్లో, అంటే చీకట్లో పెరిగి ఇంకా పచ్చబడని హరితరేణువుల్లో, వల అల్లినట్టున్న పొరల్లో కాచుకుని ఉంటుంది. వెలుగు పడగానే ప్రోటోక్లోరోఫిల్లైడే దాన్ని పీల్చుకుంటుంది, రెండు హైడ్రోజన్లు వచ్చి చేరతాయి, క్లోరోఫిల్లైడ్ అవుతుంది. మరో ఎంజైము దానికి ఫైటాల్ అనే పొడుగాటి తోక తగిలిస్తే పత్రహరితం. వెలుగు లేనిదే అడుగు కదపని ఎంజైములు ప్రకృతిలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వాటిలో పోర్ ఒకటి. నీ వ్యాసానికి ప్రాణం ఇక్కడుంది, నువ్వేమో ఒక్క వాక్యంలో దాటేశావు.

మరి ముందే బోలెడంత తయారుచేసి దాచుకోవచ్చు కదా అని పాఠకుడు అడుగుతాడు. ఎంజైముకు అంటుకోని ప్రోటోక్లోరోఫిల్లైడ్ మీద వెలుగు పడితే సింగ్లెట్ ఆక్సిజన్ అనే చురుకెక్కిన ఆక్సిజన్ పుట్టి కణాన్ని కాల్చేస్తుంది. అందుకే మొక్క చీకట్లో ఆ తయారీని బిగబట్టి ఉంచుతుంది. బార్లీలో టిగ్రీనా అనే మ్యూటెంట్లకు, అంటే జన్యువు మారిన మొక్కలకు, ఆ పట్టు లేదు. పగలూ రాత్రీ మారుతూ పెరిగితే వాటి ఆకుల మీద పులిచారల్లా అడ్డంగా మాడిన పట్టీలు పడతాయి. ఇలాంటిది ఒక్కటి కళ్లకు కట్టించు, ఎంజైముల పేర్లు పది తగ్గినా ఫరవాలేదు.

చూడడం అయ్యాక ఆ మొలకలు మేకలకు మాత్రం వేయకు. లేత జొన్నలో సైనైడునిచ్చే పదార్థం ఉంటుంది. పల్లెల్లో నాము అంటారే, అదే.

పొద్దున్నే బకెట్ ఎత్తి, గంటగంటకూ చూసినది చూసినట్టు రాసుకో. మొదట్లో పెద్దగా మార్పు కనపడదు, కంగారుపడకు. దాచుకున్న సరుకు కొంచెమే, అది క్షణంలో అయిపోతుంది. మిగతాదంతా గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లం దగ్గర్నుంచి కొత్తగా చేసుకు రావాలి. ఆ ఆలస్యం నీ రెండో పేరాలోకి రావాలి. రాసి పంపు, చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు