ఒకటో తరగతి టీచరుకు ఒక ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది.

కృష్ణలంక బడిలో నీకు ఒకటో తరగతి అప్పగించారని మీ అమ్మ చెప్పగానే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అంత చిన్నపిల్లలకు కులమతాల తేడాలు, ఆడామగా తేడాలు తెలియవని, మనం ఊరుకుంటే చాలునని చాలామంది టీచర్లు నమ్ముతారు. ఆ నమ్మకం సరైనది కాదు. మూడు నాలుగేళ్లకే పిల్లలు మనుషులను గుంపులుగా చూడడం మొదలుపెడతారు. వాటిలో ఏ గుంపును పట్టించుకోవాలన్నది మాత్రం పెద్దల నడవడిని చూసి నేర్చుకుంటారు.

అమెరికాలో రెబెకా బిగ్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1997లో ప్రచురించిన ప్రయోగం ఈ సంగతిని స్పష్టంగా చూపింది. వేసవి బడిలో పిల్లలకు కొందరికి పసుపు, కొందరికి నీలం చొక్కాలు తొడిగారు. కొన్ని తరగతుల్లో టీచర్లు ఆ రంగుల ఊసే ఎత్తలేదు. మరికొన్నింటిలో రంగును బట్టి కూర్చోబెట్టి, రంగును బట్టి వరుసలు కట్టించారు. ఏ రంగూ గొప్పదని ఎవరూ అనలేదు. అయినా కొన్ని వారాలకే ఈ రెండో రకం తరగతుల పిల్లలు తమ రంగువాళ్ళే మేలని భావించసాగారు.

ఇక మన బడి చూడు. ప్రార్థనకు ఆడపిల్లలొక వరుస, మగపిల్లలొక వరుస. ‘ఆడపిల్లలు ఎంత బుద్ధిగా ఉన్నారో చూడండిరా’ అని మెచ్చుకోలుగానే అంటాం. కరకట్ట వైపు నుంచి వచ్చేవారిని ‘కట్ట మీది పిల్లలు’ అంటాం. పసివాళ్ళకు ఇవన్నీ ఆ పసుపు, నీలం చొక్కాలే. అందుకని వరుసలను పుట్టిన నెలను బట్టో, పేరులోని మొదటి అక్షరాన్ని బట్టో కట్టించు. బాగా చేసిన పిల్లను పేరు పెట్టి మెచ్చుకో.

మధ్యాహ్న భోజనం దగ్గర ఒక పిల్లవాడు పక్కవాణ్ణి ‘మీరేమిట్లు?’ అని కులం అడిగితే కసరకు. ఇంటికొచ్చిన చుట్టాలు అడిగే మాటనే వాడూ అడిగాడు. కసిరితే ఆ మాట టీచరు వినేచోట అనకూడదని మాత్రమే వాడికి తెలుస్తుంది. ఎందుకు అడిగాడో కనుక్కొని, పూర్తిగా విని, కులం చూసి ఒకరిని దూరంగా కూర్చోబెట్టడం అన్యాయమని సూటిగా చెప్పు. ఈ ఒక్క విషయంలో నాన్చి చెప్పడం నాకు నచ్చదు.

1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో నల్లజాతి, తెల్లజాతి, స్పానిష్ మూలాల పిల్లలు కొత్తగా ఒకే బడికి వచ్చి తగవులు పడుతున్నప్పుడు, ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాఠాన్ని భాగాలు చేసి తలా ఒక భాగం ఇప్పించాడు; అందరూ చెప్పుకుంటేనే పాఠం పూర్తవుతుంది. నీ తరగతికి అంత అవసరం లేదు. ప, ల, క అని మూడు చీటీలు ముగ్గురికిచ్చి మాట కట్టమను. ఆ ముగ్గురినీ నువ్వే ఏరి కూర్చోబెట్టు. వాళ్ళంతట వాళ్ళను కూడమంటే ఇరుగుపొరుగు పిల్లలే ఒకచోట చేరతారు.

ఇట్లు,
మీ పెద్దమ్మ