గ్రానైటా, డోలరైటా: రంగు ఒక్కటే చూస్తే తేలదు

తమ్ముడూ, హనుమకొండలోని పద్మాక్షి గుట్ట గ్రానైటూ, రామప్ప గుడిలోని నల్లటి డోలరైటూ రెండూ అగ్నిశిలలే కదా, పేర్లు ఎందుకు వేరు, రంగు చూసి రాస్తే మార్కులు ఎందుకు పోయాయి అని అడిగావు. టెన్షన్ పడకు. చూడాల్సినవి రెండు, వాటిని కలపకూడదు.

మొదటిది గింజ సైజు. శిలాద్రవం భూమి లోతులో చాలా మెల్లగా చల్లారితే స్ఫటికాలు కంటికి కనిపించేంత పెరుగుతాయి. గ్రానైట్ అలా పుట్టిందే. లావాగా పైకొచ్చి త్వరగా గట్టిపడితే గింజ కంటికి ఆనదు. ఆదిలాబాద్ వైపు దొరికే దక్కన్ బసాల్ట్ అలాంటిదే, వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు.

రెండోది రాయిలో సిలికా (సిలికాన్, ఆక్సిజన్ కలిసిన పదార్థం) ఎంత ఉందన్నది. దాదాపు 66 శాతం దాటితే ఆమ్ల శిల, 52 నుంచి 66 అయితే మధ్యస్థం, 45 నుంచి 52 అయితే క్షార శిల, అంతకన్నా తక్కువైతే అతిక్షారం.

నిన్ను తికమక పెట్టింది డోలరైటే. దాని రసాయనం బసాల్ట్‌దే. కానీ పాత రాతి పగుళ్లలోకి చొరబడి, మరీ లోతుకాని చోట గోడలా నిలిచి చల్లారింది, అందుకే గింజ మధ్యరకం. అదే ద్రవం బాగా లోతులో చల్లారితే పెద్ద గింజల గాబ్రో అనే రాయి అయ్యేది. మన గ్రానైట్ ప్రాంతాల్లో అక్కడక్కడ కనిపించే పొడవాటి నల్లరాతి బారులు చాలావరకు ఇలాంటి రాతి గోడలే, వీటినే డైకులు అంటారు.

ఇక రంగు. ఇనుము, మెగ్నీషియం ఎక్కువైతే రాయి నల్లబడుతుంది, నిజమే. కానీ అబ్సిడియన్ అనే అగ్నిపర్వత గాజు నల్లగా మెరుస్తూనే సాధారణంగా ఆమ్ల శిల కిందికి వస్తుంది! కాబట్టి జవాబులో ముందు గింజ సైజు, తర్వాత సిలికా ఎంతో తెలిపే ఖనిజాలు రాయాలి. రంగు ఆఖర్న.