కొత్త గుడ్డ కుడితే దురద.. గంజి పడట్లేదా?

ప్రశ్న: మాది గుంటూరు. వయసు 36. ఇంట్లోనే జాకెట్లు కుడతాను. ఈమధ్య బిర్రుగా ఉండే కొత్త గుడ్డలు, బక్రం ముట్టుకుంటే చాలు, ముంజేతులు, మెడ దురదపెట్టి దద్దుర్లు లేస్తున్నాయి. ఇస్త్రీ చేస్తుంటే కళ్లు మండుతున్నాయి. గంజి పడట్లేదంటున్నారు. క్యాన్సర్ కూడా వస్తుందని ఎవరో చెబితే భయమేస్తోంది.

సలహా: పాపం గంజిని ఎందుకు అంటారమ్మా! అది పడనివాళ్లు చాలా అరుదు. అనుమానించాల్సింది గుడ్డ నలగకుండా, బిగువుగా ఉండేందుకు మిల్లులో పట్టించే రెజిన్లను. యూరియా ఫార్మాల్డిహైడ్, మెలమైన్ ఫార్మాల్డిహైడ్ అలాంటివే. వీటిలోంచి ఫార్మాల్డిహైడ్ వాయువు కొద్దికొద్దిగా వెలువడుతూ ఉంటుంది. వేడి, చెమ్మ తగిలితే ఇంకా ఎక్కువ. ఇస్త్రీ దగ్గర కళ్లు మండేది బహుశా అందుకే. మన ఎండలకు చెమట పట్టిన చెయ్యి గుడ్డకు ఒరుసుకున్నా అంతే.

గంజి ఉతుకుల్లో పోతుంది. రెజిన్ అంత తేలిగ్గా పోదు. అయితే పైపైన ఉన్న ఫార్మాల్డిహైడ్‌ చాలావరకు ఒక్క ఉతుకుకే తగ్గుతుంది. లైనింగ్ గుడ్డ తడిపి ఆరేశాకే కుడతారు కదా, తడపడానికి వీలైన జాకెట్టు గుడ్డనూ అలాగే చేయండి. బక్రం కత్తిరించేటప్పుడు పలచటి నూలు గ్లౌజులు వేసుకోండి. ఇస్త్రీ బల్ల కిటికీ దగ్గరికి జరపండి.

ఇదంతా నా అనుమానమే. ముదురు నీలం, నలుపు పాలిస్టర్ గుడ్డల్లోని రంగులకూ ఇలాగే వస్తుంది. తేల్చేది ప్యాచ్ టెస్టు. చర్మ డాక్టరు వీపు మీద పట్టీలు అంటించి 48 గంటలకు తీసి చూస్తారు, రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. అలర్జీ ప్యాకేజీ అంటూ చేసే రక్తపరీక్షల్లో ఈ రకం బయటపడదు, డబ్బు దండగ.

మందుల షాపులో అడిగితే ఇచ్చే మూడు మందుల కలగలుపు క్రీము మాత్రం రాయకండి. అందులోని ఘాటైన స్టెరాయిడ్‌తో చర్మం పలచబడుతుంది. అది తామర అయితే మరింత పాకుతుంది. స్టెరాయిడ్ అవసరమైతే ఏది, ఎన్నాళ్లు రాయాలో డాక్టరే చెబుతారు.

ఇక క్యాన్సర్ మాట. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2004లో ఫార్మాల్డిహైడ్‌ను క్యాన్సర్ కారకంగా తేల్చిన మాట నిజమే. ఆ ఆధారాలు ప్రధానంగా ఏళ్ల తరబడి పనిచోట ఆ గాలి బాగా పీల్చినవారివి. ఇంట్లో జాకెట్లు కుట్టే మీకు అంత భయం అక్కర్లేదు, గదిలో గాలి ఆడితే చాలు. ఆయాసం, పిల్లికూతలు ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.

పరీక్షలో ఫార్మాల్డిహైడ్ అని తేలితే షాంపూల మీదా కన్నేయాలి, కొన్నింట్లో నిల్వకు కలిపే మందులు దాన్నే వదులుతాయి. పార్లర్లో జుట్టు సాఫీ చేసే కెరాటిన్ ట్రీట్‌మెంట్ జోలికి అసలు వెళ్లొద్దు.