రూట్ స్విచ్‌ని నువ్వే ఎంచుకో

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళంలో కాలేజీ నెట్‌వర్క్ నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషంరా. నాలుగు బ్లాకులు, కంప్యూటర్లని కేబుళ్లతో కలిపే ఓ పాతిక స్విచ్‌లు, ఎవరు ఎప్పుడు లాగారో తెలియని కేబుళ్లు ఉన్నాయట. అందుకే ఈ ఉత్తరం. స్విచ్‌ల మధ్య దారి గుండ్రంగా తిరగకుండా చూసే పద్ధతి స్పానింగ్ ట్రీ, దాన్ని ఎవరు ఆపేయమన్నా ఆపకు. అందులో మిగతా అన్నిటికీ కేంద్రమయ్యే రూట్ స్విచ్ ఏదో నువ్వే నిర్ణయించు.

ఇక్కడ నేను పనిచేసిన ఒక ఆఫీసులో జరిగింది చెప్తాను. టేబుల్ కింద కేబుల్ కొస ఒకటి వేలాడుతుంటే, ఊడిపోయిందనుకుని ఎవరో పక్కనున్న చిన్న స్విచ్‌లో గుచ్చారు. దాని రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. నిమిషం పట్టలేదు, మూడు అంతస్తులూ ఆగిపోయాయి. స్విచ్ గదిలోకి వెళ్తే, మామూలుగా ఎవరి దారిన వాళ్లు మిణుకుమనే లైట్లన్నీ ఒక్కసారే టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ లైట్లు అలా కనిపిస్తే ఇంకేం ఆలోచించకు, లూప్ కోసం, అంటే దారి గుండ్రంగా కట్టుకున్న చోటు కోసం వెతుకు. నేను ఒక్కో కేబుల్ పీకుతూ మధ్యాహ్నం దాకా వెతికాను. కింద కౌంటర్ దగ్గర ముసలివాళ్లు పొద్దుటి నుంచి నిలబడే ఉన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఎందుకలా అంటే, సమాచారాన్ని మోసే ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ అని ఒక ఆయుష్షు ఉంటుంది, నెట్‌వర్క్‌లని కలిపే రూటర్ దాటినప్పుడల్లా తగ్గుతుంది. స్విచ్‌లు ఒకదానికొకటి అందించే ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి, అంటే ఆ ప్యాకెట్‌ని చుట్టిన కవరుకి, అదేం లేదు. అందరికీ వెళ్లాల్సిన బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ వస్తే, అది వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్నిటికీ స్విచ్ పంపేస్తుంది. దారి గుండ్రంగా ఉంటే అదే ఫ్రేమ్ తిరిగొస్తుంది, మళ్లీ పంపుతుంది, ఇక ఆగదు. ఫలానా ఐపీ ఎవరిదని అందరినీ అడిగే ఏఆర్‌పీ సందేశం ఒక్కటి చాలు. పైగా ఒకే మ్యాక్ అడ్రస్, అంటే ఒక పరికరాన్ని గుర్తించే నంబరు, కాసేపు ఈ పోర్టులో, కాసేపు ఆ పోర్టులో కనిపించి, ఏది ఎక్కడుందో స్విచ్ రాసుకున్న పట్టిక తారుమారవుతుంది.

అలాగని రెండో కేబుల్ పీకేయకు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ జిల్లాలో ఏమైందో చూశావుగా, రెండో దారి ఉండి తీరాలి. రెండూ ఉండాలి, ఒకటే నడవాలి. ఆ పద్ధతే స్పానింగ్ ట్రీ, దాన్ని 1985లో డీఈసీ అనే కంప్యూటర్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ కనిపెట్టారు. 1990లో అది ఐఈఈఈ అనే ఇంజినీర్ల సంస్థ ప్రమాణమైంది. స్విచ్‌లు రెండేసి సెకన్లకు బీపీడీయూ అనే సందేశం పంపుకుని ఒకరిని రూట్‌గా ఎన్నుకుంటాయి. ప్రతి స్విచ్ రూట్‌కి దగ్గర దారిని ఉంచుకుంటుంది. లూప్ కట్టే పోర్టు బ్లాక్ అవుతుంది. ఆ పోర్టు పడుకోదు, బీపీడీయూలు వింటూనే ఉంటుంది. అసలు దారి తెగితే తెరుచుకుంటుంది.

అసలు చిక్కు రూట్ ఎన్నికలోనే. ప్రయారిటీ అంకె తక్కువ ఉన్న స్విచ్ రూట్ అవుతుంది, కానీ నువ్వు మార్చకపోతే అన్నిటికీ అది 32768 అనే వస్తుంది. అందరిదీ సమానమైతే తక్కువ మ్యాక్ అడ్రస్ ఉన్నది గెలుస్తుంది. అది చాలాసార్లు హాస్టల్ మూలన దుమ్ము పట్టిన పాత డబ్బానే అవుతుంది. అప్పుడు లైబ్రరీ నుంచి ల్యాబ్‌కి వెళ్లాల్సిన ట్రాఫిక్ హాస్టల్ చుట్టూ తిరిగి వెళ్తుంది. కాబట్టి సర్వర్ గదిలో పెద్ద స్విచ్‌కి 4096, దాని తోడు స్విచ్‌కి 8192 పెట్టు. ఇది ఈ వారంలోనే చెయ్యి.

పాత పద్ధతిలో దారి మారడానికి 30 నుంచి 50 సెకన్లు పడుతుంది. అన్నిటిలోనూ ర్యాపిడ్ అనే కొత్త రకం స్పానింగ్ ట్రీ పెట్టు, చాలావరకు రెండు మూడు సెకన్లలోపే సర్దుకుంటుంది. కంప్యూటర్లు తగిలే పోర్టులకి ఎడ్జ్ సెట్టింగ్ ఇవ్వు, అవి ఆగకుండా వెంటనే తెరుచుకుంటాయి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ల్యాబ్ మొత్తం ఐపీ రాక కూర్చుంటుంది. ఆ పోర్టులకి బీపీడీయూ గార్డ్ కూడా తప్పక ఉండాలి. టేబుల్ కింద పెట్టే చవక స్విచ్‌లకి స్పానింగ్ ట్రీ తెలియదు. వాటిలో లూప్ పడితే నీ స్విచ్ పంపిన సందేశమే చాలాసార్లు దానికి తిరిగొస్తుంది, గార్డ్ ఆ పోర్టుని మూసేస్తుంది. ఆ రోజు నా దగ్గర అది ఉండి ఉంటే ఒక్క టేబుల్ ఆగేది, అంతే. సందేశం తిరిగిరాని స్విచ్‌లూ ఉంటాయి కాబట్టి బ్రాడ్‌కాస్ట్‌లు హద్దు దాటితే ఆపే స్టార్మ్ కంట్రోల్ కూడా పెట్టు.

శనివారం క్లాసులయ్యాక మెయిన్ కేబుల్ ఒకటి పీకి, రెండో దారి తెరుచుకుంటుందో లేదో నీ కళ్లతో చూడు. ముందు ప్రిన్సిపాల్ గారికి చెప్పు. ఏ పోర్టు బ్లాక్‌లో ఉందో కాగితం మీద గీసి పెట్టుకో. సిరిమాను పండక్కి వచ్చేటప్పుడు ఆ కాగితం పట్టుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మీ మామయ్య