బార్టనా, ఆల్ అబౌట్ రీడింగా?

అక్కా, కావలిలో ఇంట్లోనే చదువుకుంటున్న మీ బాబుకి డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే ఇబ్బంది) అన్నారు, ఇంగ్లీష్ చదవడం నేర్పే కోర్సుల్లో బార్టన్ కొనాలా, ఆల్ అబౌట్ రీడింగ్ కొనాలా అని అడిగారు కదా. రెండూ ఆర్టన్-గిల్లింగ్‌హామ్ (చూస్తూ, వింటూ, చేత్తో చేస్తూ శబ్దాలనీ అక్షరాలనీ మెట్టుమెట్టుగా నేర్పే) పద్ధతివే, ఇంట్లో అమ్మానాన్నలే నేర్పొచ్చు. బార్టన్ 10 లెవెల్స్, ఖరీదెక్కువ. రెండోది 4 లెవెల్స్.

ముందు బాబుని 'క్యాట్'లో మొదటి శబ్దం తీసేసి చెప్పమనండి. తడబడితే నా ఓటు బార్టన్‌కే. దాని మొదటి లెవెల్లో అక్షరాలే ఉండవు, రంగు బిళ్లలు జరుపుతూ శబ్దాలు విడగొట్టడమే.

ఇవి ఇంగ్లీష్ కోర్సులు కాబట్టి తెలుగుకి మాత్రం పనికిరావు. మా పాప 'ప', 'వ' కలిపేసేది. పళ్లెంలో బియ్యప్పిండి పరిచి, వేలితో రాస్తూ పైకి పలికించాను. ఒంగోలు ఎండల్లో చెమట వేళ్లకి పిండి అంటుకుని అదో గోల! రోజుకి 20 నిమిషాలు చాలు. ఏడుపు మొదలైతే ఆపేయండి.