రంపం మిషన్ పట్టి పట్టి వేళ్లు తెల్లబడుతున్నాయి.. ఇది నరాల బలహీనతేనా?

ప్రశ్న: నా వయసు 37. మాది పలమనేరు దగ్గర పల్లె. పదకొండేళ్లుగా చెట్లు కొట్టే పని చేస్తున్నాను. కాయ కోతలు అయిపోయాక మామిడి తోపుల్లో కత్తిరింపులు, మిగతా రోజుల్లో ఇళ్ల మీదికి వాలిన కొబ్బరి, చింత, వేప చెట్లు దించడం మా పని. రోజుకు నాలుగైదు గంటలు రంపం మిషన్ చేతిలోనే ఉంటుంది. రెండేళ్లుగా చలికాలంలో పొద్దున్నే బండి మీద పనికి పోతుంటే ఎడమచేతి చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు సున్నం పూసినట్టు తెల్లబడుతున్నాయి. పది ఇరవై నిమిషాలకు ఎర్రగా మారి సలుపుతాయి. రాత్రి మూడింటప్పుడు రెండు చేతులూ తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. విదిలిస్తే తగ్గుతుంది. ఈమధ్య చొక్కా గుండీలు పెట్టుకోవడం కూడా కష్టంగా ఉంది. ఊళ్లో ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని బలం సూదులు వేస్తున్నాడు. షుగర్ లేదన్నారు. రోజుకు ఒక కట్ట బీడీలు తాగుతాను. పని మానకుండా తగ్గే దారి ఉందా?
– ఓ పాఠకుడు, పలమనేరు

సలహా: మీరు రాసిన దాంట్లో రెండు జబ్బుల గుర్తులు కలిసి కనిపిస్తున్నాయి. చలికి వేళ్లు తెల్లబడటం ఒకటి, రాత్రి తిమ్మిరి మరొకటి. రెండింటికీ మూలం చాలావరకు ఒక్కటే, మీ చేతిలోని మిషన్ అదురు. నరాల బలహీనత అన్న మాటతో జబ్బేమిటో తేలదు. బలం సూదులు ఈ రెండింటిలో దేన్నీ తగ్గించవు. పైగా వాటిలో ఉండే బి6 విటమిన్ ఎక్కువ మోతాదులో నెలల తరబడి ఒంట్లోకి పోతే అదే కొత్తగా తిమ్మిర్లు తెస్తుంది. వాటిని ఆపేయండి.

వేళ్లు తెల్లబడే జబ్బును వైద్యంలో హ్యాండ్ ఆర్మ్ వైబ్రేషన్ సిండ్రోమ్ అంటారు. ఏళ్ల తరబడి అదురు తిన్న వేళ్లలో సన్నటి రక్తనాళాలు చలికి అతిగా ముడుచుకుంటాయి. చలి తగిలితే అందరికీ కొంత ముడుచుకుంటాయి కానీ, మీకు పూర్తిగా మూసుకుపోయి వేలి కొసకు రక్తం అందదు. అందుకే గీత గీసినట్టు ఒక హద్దు దాకా తెలుపు. ఒక్కోసారి తర్వాత నీలం తిరుగుతుంది. నాళాలు తెరుచుకోగానే రక్తం ఒక్కసారిగా తోసుకొస్తుంది, అప్పుడే ఎరుపు, సలుపు. ఎడమచేతికే ఎందుకంటే మిషన్ ముందు పిడిని పట్టి బరువంతా మోసేది ఆ చెయ్యే. ఇది కొత్తగా బయటపడిన సంగతి కాదు. గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కే ఇండియానా కార్మికులను అమెరికా వైద్యురాలు ఆలిస్ హామిల్టన్ 1918లోనే పరీక్షించి, ఉలి పట్టే ఎడమచేతి వేళ్లే ఎక్కువగా తెల్లబడుతున్నాయని రాశారు.

రాత్రి తిమ్మిరి సంగతి వేరు. మణికట్టు దగ్గర ఒక ఇరుకు సందు ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులూ, మీడియన్ అనే నరమూ ఆ సందులోంచే పోవాలి. రోజంతా పిడిని బిగించి పట్టడం వల్ల, అదురు వల్ల ఆ స్నాయువుల చుట్టూ వాపు వచ్చి నరం నలుగుతుంది. ఇది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్. విదిలిస్తే తగ్గడం దీనికి మంచి గుర్తు.

ఇంట్లోనే రెండు సంగతులు చూసుకోండి. రెండు అరచేతుల వెనకవైపులను ఒకదానికొకటి ఆనించి, మణికట్లు కిందికి వంచి ఒక నిమిషం ఉంచండి. ఆ నిమిషంలోపే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు జివ్వుమంటే మీడియన్ నరం మీద అనుమానం గట్టిపడుతుంది. చిటికెన వేలు కూడా మొద్దుబారితే మోచేతి దగ్గరి నరాన్నో, మెడ ఎముకలనో చూడాలి. రెండోది, బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ రెండు చేతులకూ సమానంగా ఉందా? ఒకవైపు గుంటపడి ఉంటే నరం దెబ్బ ముదిరిందని అర్థం. అప్పుడు మందులతో కాలం గడపకూడదు. వేళ్లు తెల్లబడినప్పుడు ఫోన్‌తో ఫొటో తీసి ఉంచండి. ఆసుపత్రికి వచ్చేసరికి చేతులు మామూలుగా ఉంటాయి కాబట్టి ఆ ఫొటో చాలా పనికొస్తుంది.

తిరుపతి స్విమ్స్‌లో న్యూరాలజీ ఓపీకి గానీ, మీకు రాయవేలూరు అనువుగా ఉంటే అక్కడికి గానీ వెళ్లండి. నరంలో సంకేతాలు ఎంత వేగంగా పోతున్నాయో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష ముఖ్యం. దాంతోపాటు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), థైరాయిడ్, బి12, రక్తం శాతం చూస్తారు. షుగర్ లేదన్నారు కానీ ఎప్పుడు, ఏ పరీక్షతో చెప్పారో రాయలేదు. బీపీకో, గుండెదడకో, తలనొప్పికో ప్రొప్రనలాల్, అటెనలాల్ లాంటి మాత్రలు వాడుతుంటే చెప్పండి. అవి వేళ్లు తెల్లబడటాన్ని పెంచుతాయి.

మాత్ర వేసుకుని చెట్టెక్కొద్దు

మీ పని చేసేవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఓపీ రద్దీలో ఎవరూ అడగరు. రక్తనాళాలు తెరుచుకోవడానికి ఇచ్చే నిఫెడిపిన్ బీపీని తగ్గిస్తుంది. కింద కూర్చుని లేచేవాడికి కళ్లు తిరిగితే గోడ పట్టుకుంటాడు, ముప్పై అడుగుల ఎత్తున కొమ్మ మీద ఉన్నవాడు దేన్ని పట్టుకుంటాడు? నరాల మంటకు ఇచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్‌లతో మత్తు, తూలు. మామిడి సొన పడి దద్దుర్లొస్తే వేసుకునే సెటిరిజిన్ కూడా కొందరికి నిద్రమత్తు తెస్తుంది. వీటిలో ఏది మొదలుపెట్టినా, మోతాదు పెంచినా కనీసం మొదటి వారం నేల మీది పనే చేయండి. మందు రాసే డాక్టరుకు 'నేను చెట్లెక్కుతాను, మిషన్ పడతాను' అని మీరే ముందు చెప్పండి. ఒళ్లు నొప్పులకు రోజూ డైక్లోఫెనాక్ మింగే అలవాటు మీ పనిలో మామూలే. ఎండలో నీళ్లు తాగకుండా చెమటోడ్చే ఒంటికి ఆ మాత్ర మూత్రపిండాల మీద దెబ్బ.

కార్పల్ టన్నెల్‌కు తొలిమెట్టు రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోవడం. ఆరు వారాలు తప్పకుండా వాడాలి. రెండు రాత్రులు కట్టి పనిచేయలేదనుకోవద్దు. తగ్గకపోతే మణికట్టులో ఒక స్టెరాయిడ్ సూది, అదీ చాలకపోతే చిన్న ఆపరేషన్. చెయ్యి వరకే మత్తు ఇచ్చి చేస్తారు, చాలామందికి అదే రోజు ఇల్లు. కానీ బరువైన పట్టు పట్టే పనికి 6 నుంచి 12 వారాలు ఆగాలి. మీ కత్తిరింపుల ఒత్తిడి ఆగస్టు, సెప్టెంబరుల్లో కాబట్టి ఎండాకాలం మొదట్లోనే చేయించుకుంటే సీజన్‌కు చెయ్యి అందివస్తుంది. కండ కరిగి ఉంటే మాత్రం సీజన్ చూడొద్దు.

అదురును కొలవడం ఎలా?

మిషన్ ఎన్ని గంటలు చేతిలో ఉందన్నది కాదు, యాక్సిలరేటర్ నొక్కి కోసిన సమయమే లెక్క. చెట్టెక్కడం, తాడు కట్టడం, కొమ్మ దింపడం ఇందులోకి రావు. మీ మిషన్‌కు ఒక ట్యాంకు పెట్రోలు ఎంతసేపు కోతకు వస్తుందో ఒకసారి ఫోన్‌లో చూసుకోండి. ఆ తర్వాత రోజుకు ఎన్ని ట్యాంకులు కాలాయో లెక్కపెడితే చాలు.

అదురు తీవ్రతను మీ/సె² (మీటర్లు/సెకను²)లో కొలుస్తారు. మిషన్‌తో వచ్చే పుస్తకం చివర్లో ముందు పిడికీ వెనక పిడికీ విడివిడిగా ఆ అంకె ఉంటుంది. యూరప్‌లో 2002 నాటి నిబంధన ప్రకారం 8 గంటల సగటు 2.5 దాటితే జాగ్రత్తలు మొదలుపెట్టాలి, 5 దాటకూడదు. అంటే పిడి దగ్గర అదురు 5 ఉంటే 2 గంటలు కోసేసరికే జాగ్రత్త హద్దు దాటుతారు. 7 అయితే గంటకే ఆ హద్దు, 4 గంటలకు ఆఖరి హద్దు. 10కి చేరిందంటే అరగంటకు మొదటిది, 2 గంటలకు రెండోది. అదురు రెట్టింపైతే సమయం నాలుగో వంతుకు పడిపోతుంది, అదీ లెక్క. పుస్తకంలోని అంకె కొత్త మిషన్‌ది, చైను పదును ఉన్నప్పటిది అని గుర్తుంచుకోండి. ఈ హద్దులు జబ్బు రానివాళ్లకు. మీకిప్పటికే వచ్చింది కాబట్టి 'ఇంకా అరగంట మిగిలింది' అనే లెక్క మీకు చెల్లదు.

అదురు పెరగడానికి పెద్ద కారణం మొద్దుబారిన చైను. పదునైన చైను పొట్టును రేకులు రేకులుగా చిమ్ముతుంది. పిండిలా సన్నటి పొడి రాలుతోందంటే పన్ను మొద్దుబారింది. అప్పుడు మీరు మిషన్‌ను కొమ్మ మీద అదుముతారు, అదిమేకొద్దీ పట్టు బిగుస్తుంది, బిగిసేకొద్దీ అదురు చేతిలోకి ఎక్కువగా పాకుతుంది. పెట్రోలు పోసినప్పుడల్లా గుండ్రటి ఆకురాయితో ప్రతి పన్నుకూ రెండు మూడు సార్లు, లోపలి నుంచి బయటికి, ఒకే వాలులో రాయండి. చిన్న మిషన్ల సన్నరకం 3/8 చైనుకు 4 మిల్లీమీటర్లు, 0.325 చైనుకు 4.8 మిల్లీమీటర్ల ఆకురాయి సరిపోతుంది. రెండు వైపుల పళ్లూ ఒకే పొడవుండాలి. పన్నుకు ముందుండే చిన్న మొటికను, అంటే రేకర్‌ను, త్వరగా కోస్తుందని బాగా అరగదీస్తారు చాలామంది. పన్ను కొసకంటే అది 0.65 మిల్లీమీటర్లు కిందుంటే చాలు. ఇంకా దిగితే చైను కర్రను కరిచి పట్టుకుని గుంజుతుంది, మిషన్ ఎగిరెగిరి పడుతుంది.

తర్వాత రబ్బరు బుష్‌లు. ఇంజన్‌కూ పిడులకూ మధ్య రబ్బర్లు గానీ స్ప్రింగులు గానీ ఉంటాయి. మిషన్ ఆపి, బార్ కొసను దుంగకు ఆనించి పిడిని అటూ ఇటూ ఊపి చూడండి. లొడలొడమన్నా, లోహం లోహానికి తగిలిన చప్పుడు వచ్చినా అవి చచ్చినట్టే, మార్పించండి. పిడిని అవసరమైనంత పట్టుతోనే పట్టుకోండి. అలాగని బొటనవేలిని మాత్రం పిడి చుట్టూ తిప్పకుండా వదలొద్దు, మిషన్ వెనక్కి తన్నినప్పుడు కాపాడేది ఆ వేలే. చెట్టు మీద చిన్న మిషన్‌ను ఒంటిచేత్తో పట్టి కోయడం పూర్తిగా మానండి. అదురంతా ఒక్క చేతికే, పైగా తన్నితే ఆపలేరు. రెండు మూడు అంగుళాల పచ్చి మామిడి కొమ్మకు అసలు మిషన్ ఎందుకు? వంకర మడత రంపంతో లాగితే నిమిషంలో తెగుతుంది, కోత కూడా నునుపుగా వస్తుంది. అదురు తగ్గిస్తాయని అమ్మే మెత్తటి గ్లౌజులను నమ్ముకోవద్దు. చేతులు వెచ్చగా ఉంచడానికి గ్లౌజులు మంచివే, మరీ మందంగా ఉంటే పట్టు ఇంకా బిగించాల్సి వస్తుంది.

పొద్దున బండి ప్రయాణంలో చల్లగాలి, హ్యాండిల్ అదురు రెండూ కలిసి మీ వేళ్లను పని మొదలుకాక ముందే ముడిచేస్తున్నాయి. ఉన్ని గ్లౌజు మీద గాలి చొరని గ్లౌజు వేసుకోండి. చెవులకు, ఛాతీకి కూడా చలి తగలకూడదు, ఒళ్లు చల్లబడితే వేళ్లూ ముడుచుకుంటాయి. తోపుకు చేరాక చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చబరుచుకుని, రంగు మామూలుకు వచ్చాకే మిషన్ పట్టండి. చలిమంట మీద, సైలెన్సర్ మీద కాచుకోవద్దు. మొద్దుబారిన వేలికి కాలినా తెలియదు.

బీడీ విషయంలో బేరం లేదు. నికోటిన్ ఆ సన్నటి నాళాలనే ముడుస్తుంది. నలభై ఐదేళ్లలోపు బీడీ తాగే మగవాళ్లలో కొందరికి బర్జర్స్ అనే నాళాల జబ్బు వచ్చి వేళ్లు తీసేయాల్సిన దాకా పోతుంది, దాని తొలి గుర్తులు కూడా ఇలాగే ఉంటాయి. వేలి కొసన పుండు పడినా, నలుపు తిరిగినా, తెల్లబడిన వేలు వెచ్చబరిచినా గంటకు కూడా రంగు రాకపోయినా, నడిస్తే పిక్క పట్టేసి నిలబడితే వదిలినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356కు ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు.

మీరు చెవుల సంగతి అడగలేదు. మిషన్ రేసులో ఉన్నప్పుడు మోత 100 డెసిబెల్స్ పైనే. 85కు 8 గంటలు అనుకుంటే 100కు 15 నిమిషాలే. చెవి మఫ్ లేకుండా స్టార్ట్ చేయొద్దు.

ఇక పని మానకుండా తగ్గుతుందా అన్న ప్రశ్న. తెల్లబడటం అదురు ఆపాక నెలల్లో, కొందరికి ఏళ్లలో నెమ్మదిస్తుంది. వేళ్లలో పోయిన స్పర్శ మాత్రం చాలామందికి పూర్తిగా తిరిగి రాదు. గుండీలు పెట్టుకోలేని దశ అంటే స్పర్శ ఇప్పటికే పోతోంది. అందుకే పరీక్షలు పూర్తయ్యేదాకా మిషన్ వేరేవాళ్లకు ఇవ్వండి. పదకొండేళ్ల అనుభవం ఉన్న మీకు ఏ కొమ్మ ఎక్కడ తెగాలో, తాడు ఏ దిక్కున లాగాలో చెప్పే మేస్త్రీ పని ఉంది, కింద తాళ్లు పట్టే పని ఉంది, చైనుల పదును ఉంది. చెట్టు ఎక్కక తప్పని రోజు నడుము తాడు ముడి, కొక్కెం మీ వేళ్ల మీద నమ్మకంతో వదిలేయకుండా రెండోమనిషి చేత్తో లాగి చూడాలి. ఓపీకి వచ్చేటప్పుడు ఫొటోలు, వాడుతున్న మాత్రల పట్టీలు, వేయించుకున్న సూదుల పేర్లు, రోజుకు ఎన్ని ట్యాంకులు కాలుతున్నాయో రాసిన చీటీ వెంట తెచ్చుకోండి.