తాత దగ్గర పడవల పని నేర్చుకుంటానంటున్నాడు!

ప్రశ్న: మాది తాళ్లరేవు దగ్గర పల్లె. మా నాన్నగారు చెక్క పడవలు కట్టే వడ్రంగి. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు. ఇంజినీరింగ్ వద్దు, తాత దగ్గర పని నేర్చుకుంటానని మొండికేశాడు. ఫైబర్ పడవలు వచ్చాక తిండి గడవదని నేనే ఆ పని మానేశాను. వాడికేం చెప్పమంటారు?

జవాబు: మీ టెన్షన్ అర్థమైందండీ. కొత్త చెక్క పడవల కూలి మీదే బతుకుతానంటే నేనూ వద్దనే అంటాను. అలాగని వాడి కోరికను కొట్టిపారేయకండి.

ఐఎన్‌ఎస్‌వీ కౌండిన్య ఫొటోలు వాడికి చూపించండి. 2025 మేలో కార్వార్‌లో మన నౌకాదళంలో చేరిన ఓడ అది. అజంతా గోడ మీది 5వ శతాబ్దపు ఓడ బొమ్మ చూసి గోవాలో కట్టారు. పలకలను మేకులతో కాకుండా కొబ్బరిపీచు తాడుతో కుట్టారు. కుట్టింది కేరళ పనివాళ్లు. బొమ్మే తప్ప ప్లాన్ లేదు కాబట్టి, నీటిలో ఎలా నిలబడుతుందో తెలుసుకోవడానికి ఐఐటీ మద్రాస్‌లో నమూనాను పరీక్షించారు. అంటే పనితనం ఒకరిది, లెక్క ఇంకొకరిది. రెండూ తెలిసిన మనిషి దొరకడం కష్టం. మీవాడికి ఆ అవకాశం ఇంట్లోనే ఉంది.

చదువు సంగతి తేలికే. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ విశాఖ క్యాంపస్‌లో నేవల్ ఆర్కిటెక్చర్ (ఓడల డిజైన్) బీటెక్ ఉంది, దానికి ఐఎంయూ సెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. సీటు రాకపోతే ఐటీఐలో కార్పెంటర్ ట్రేడ్ చేసి, నేవల్ డాక్‌యార్డుల అప్రెంటిస్ ప్రకటనల్లో ‘షిప్‌రైట్ వుడ్’ కోసం చూడమనండి. ఓడల వడ్రంగి పనే అది.

అసలు పని ఈ వేసవిలో ఉంది. మన పడవల వడ్రంగులు చాలామంది కాగితం మీద గీత కూడా గీయరు. అడుగుదూలం పొడవు అనుకున్నారంటే వెడల్పు, వంపులు అన్నీ మనసులోనే తేల్చేస్తారు. ఆ లెక్కలు మీవాడు మూరల్లో విని, సెంటీమీటర్లలో రాసుకోవాలి. ప్రతి వంపు చెక్కకూ ఫొటో, కొలత, ఏ కలప, ఎందుకు ఆ కలప. రాతకు లొంగనివీ ఉంటాయి. ఒక రేవులో ఓ పెద్దాయన నీరు కారకుండా పలకల సందుల్లో దూది దట్టించడం చూశాను. కళ్లు సుత్తి మీద లేవు, చెవి మాత్రం అక్కడే ఉంది. చప్పుడు మారగానే ఆపేసి పక్క సందుకు జరిగాడు. అలాంటివి వీడియో తీసుకోమనండి. పక్కన కూర్చుని కొట్టి చూస్తే ఇంకా మంచిది. మరమ్మతుకు వచ్చిన పాత పడవ దొరికితే కొత్తదానికన్నా ఎక్కువ నేర్పుతుంది, పలక విప్పితే లోపలి కట్టుబడి అంతా కనిపిస్తుంది కాబట్టి.

ఇంకోమాట. పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో పడవల తయారీ ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000, తర్వాత 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల దాకా అప్పు. మీ నాన్నగారు ఇప్పటికీ ఉలి పడుతుంటే, ఆధార్ తీసుకుని కామన్ సర్వీస్ సెంటర్‌కు వెళ్లి నమోదుకు వీలుందేమో కనుక్కోండి. మీవాడినీ వెంట తీసుకెళ్లండి.